తేయాకు తోటల అశ్వికదళం

స్వచ్ఛందం అంటే తన ఇచ్ఛ. ఒకరి ఆజ్ఞ లేకుండా, తనంతట తానుగా పూనుకొని చేసే పనికి ఈ మాటను విశేషణంగా చేరుస్తాం. బ్రిటిష్ పాలనాకాలంలో మన దేశంలో కొన్ని సైనిక దళాలు ఈ విశేషణాన్ని ధరించాయి. వాటిలో అస్సాం తేయాకు తోటల దొరలు కూడి ఏర్పరచుకొన్న అశ్వికదళాలు చెప్పుకోదగినవి.

1857 తిరుగుబాటు పాలకుల మనస్సులలో ఒక భయాన్ని మిగిల్చింది. బ్రహ్మపుత్ర, సుర్మా నదీలోయల తోటలలో ఆ భయానికి మరో కారణం కూడా ఉంది. ఒక్కొక్క తోటలో తెల్లవారు ఒకరో ఇద్దరో ఉండేవారు. వారి చుట్టూ వందలాది కూలీలు. పటాలాలు ఉండే ఊళ్లు చాలా దూరం. అందువల్ల దొరలు తామే ఆయుధాలు పట్టి జిల్లాలవారీగా దళాలు కట్టుకొన్నారు. శివసాగర్, లఖింపూర్, దర్రంగ్ జిల్లాల దళాలు 1891లో ఏకమై ‘అస్సాం వ్యాలీ లైట్ హార్స్’ అనే రెజిమెంటు ఏర్పడింది. సుర్మా లోయలోనూ ఇటువంటిదే మరొకటి ఉండేది.

గుర్రం వారికి కొత్త కాదు. ఉదయం పూట ఆకు కోసేవారి వరుసల మధ్య తిరిగి పని చూడడానికి ప్రతి దొరకూ గుర్రం ఉండేది. తీరిక దినాన అదే గుర్రంతో కవాతు. పొరుగున ఉన్న మణిపూర్ ప్రజలు తరతరాలుగా ఆడుతున్న పోలో ఆటను కూడా ఈ దొరలు నేర్చుకొన్నారు. 1859లో సిల్చార్‌లో వారు ఒక పోలో సంఘాన్ని స్థాపించారు. నేడు సంపన్నుల క్రీడగా ప్రపంచమంతటా ప్రసిద్ధి చెందిన పోలో ఆ తోటల దారిలోనే పాశ్చాత్య దేశాలకు చేరిందన్న సంగతి చాలామందికి తెలియదు.

1899లో దక్షిణాఫ్రికాలో బోయర్లతో ఆంగ్లేయులకు యుద్ధం మొదలైంది. అస్సాం దళానికి చెందిన లమ్స్‌డెన్ అనే తేయాకు తోటల దొర అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఆంగ్ల సేనల పరాజయాల వార్తలు విని, తన సేవలతోపాటు 50,000 రూపాయలు ఇస్తానని ఆయన ప్రభుత్వానికి తంతి పంపాడు. కలకత్తాలో ఆయన పేరిటనే ‘లమ్స్‌డెన్స్ హార్స్’ అనే దళం తయారైంది. అస్సాం తేయాకు దొరలు, బీహారు నీలిమందు దొరలు, మైసూరు, కొడగు కాఫీ దొరలు మొదలైనవారు సుమారు 250 మంది అందులో చేరి, 1900 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఓడలెక్కారు. ఏప్రిల్ 30న హౌట్‌నెక్ వద్ద జరిగిన పోరులో మేజర్ షవర్స్‌తోపాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. వారి ధైర్యాన్ని శంకించవలసిన పనిలేదు.

అయితే ఆ ధైర్యాన్ని ప్రదర్శించే అవకాశం అందరికీ లేదు. తమను కూడా స్వచ్ఛంద సైనికులుగా చేర్చుకోవాలని భారతీయ విద్యావంతులు 1880ల నుంచి కోరుతూనే ఉన్నారు. కాంగ్రెసు మహాసభలు తీర్మానాలు చేశాయి. ప్రభుత్వం అంగీకరించలేదు. అదే బోయర్ యుద్ధంలో నేటాల్‌లో ఉన్న గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులతో క్షతగాత్రుల సేవాదళాన్ని నిర్మించారు. వారిలో సుమారు 800 మంది ఒప్పంద కూలీలు. నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీలలో తమిళులు, తెలుగువారు ఎందరో ఉన్నారన్నది మనం గుర్తుంచుకోవాలి. గాయపడిన సైనికులను డోలీలపై మోస్తూ సేవాదళంవారు రోజుకు 20 నుంచి 25 మైళ్లు నడవవలసి వచ్చేది. వారి చేతికి తుపాకి మాత్రం అందలేదు.

ఇక అస్సాంలో దొర గుర్రం తిరిగిన వరుసల సంగతి. ఛోటానాగపూర్ నుంచి, గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలను అక్కడికి తరలించేవారు. కూలీ కూడా తన ఇష్టంతోనే ఒప్పంద పత్రంపై వేలిముద్ర వేశాడని చట్టం భావించింది. 1882 చట్టం ప్రకారం ఆ ఒప్పందం ఐదేళ్ల వరకు ఉండవచ్చు. గడువు తీరకుండా తోట విడిచిపోయిన కూలీని వారంటు లేకుండానే స్వయంగా పట్టి బంధించే అధికారం దొరకు ఉండేది. లమ్స్‌డెన్ వెంట వెళ్లిన దొర తోటను వదలి సముద్రం దాటవచ్చు. అతని కూలీ తోట పొలిమేర దాటితే నేరం. అస్సాం పాలకుడైన సర్ హెన్రీ కాటన్ కూలీల వేతనాలు పెంచాలని పట్టుబట్టి దొరల ఆగ్రహానికి గురి అయ్యాడు. 1901లో పెంపును చట్టంలో చేర్చినా, దాని అమలును రెండేళ్లు వాయిదా వేశారు. బంధించే అధికారం 1908లో గాని రద్దు కాలేదు.

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1917లో ప్రభుత్వం మన దేశంలోని తెల్లవారికి సైనిక సేవను నిర్బంధం చేసింది. దొరల ‘స్వచ్ఛందం’ కూడా అంతటితో కొంతకాలం ఆగింది. 1920లో ఈ దళాలన్నీ సహాయక సైన్యం పేరిట మళ్లీ ఏర్పడి, 1947లో రద్దయ్యాయి. విశాఖ, గంజాం సీమల నుంచి వెళ్లిన కూలీల సంతతివారు నేటికీ అస్సాం తేయాకు తోటలలో ఉన్నారు.