నెట్‌వర్క్ మారినప్పుడు ల్యాప్‌టాప్ అనుసంధాన సమస్యలు - పరిష్కార మార్గాలు

విశాఖపట్నం: ఓడరేవు, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న విశాఖపట్నంలో అధికారులు, పాత్రికేయులు ఒకే రోజున పలు చోట్ల పనిచేయవలసి రావడం సర్వసాధారణం. ఉదయం కలెక్టర్ కార్యాలయంలో సమీక్ష, మధ్యాహ్నం ఓడరేవు ప్రాంతంలో పర్యటన, సాయంత్రం ఉక్కునగరంలో కార్యక్రమం, రాత్రి ఇంటి వద్ద నివేదిక తయారీ ఉంటాయి. స్థలం మారిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ అనుసంధానమయ్యే నెట్‌వర్క్ కూడా మారుతుంది. ఒక చోట చక్కగా పనిచేసిన యంత్రం మరో చోట ఇంటర్నెట్‌కు అందకపోవడం పలువురికి ఎదురయ్యే ఇబ్బంది. ఇటువంటి సందర్భాలలో అధిక శాతం లోపం యంత్రానిది కాదు. పాత నెట్‌వర్క్‌కు సంబంధించిన అమరికలు అందులో అలాగే నిలిచి ఉండడమే కారణం.

విపత్తు వేళ మరింత కీలకం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలో విద్యుత్తు, టెలిఫోన్, మొబైల్ సేవలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అటువంటి పరిస్థితులలో నష్టం అంచనాలు, సహాయక చర్యల వివరాలు, వార్తలు పంపవలసిన వారు తమ కార్యాలయపు లైను బాగుపడే వరకు వేచి ఉండజాలరు. ఏ కార్యాలయంలో లైను పనిచేస్తే అక్కడికి వెళ్లి పంపవలసి ఉంటుంది. తీరా అక్కడికి చేరిన తరువాత ల్యాప్‌టాప్ అనుసంధానం కాకపోతే విలువైన సమయం వృథా అవుతుంది. కావున నెట్‌వర్క్ మార్పిడిపై ప్రాథమిక అవగాహన సాంకేతిక సిబ్బందికే గాక వినియోగదారులందరికీ అవసరం.

సమస్య ఎందుకు వస్తుంది

నెట్‌వర్క్‌లో చేరే ప్రతి కంప్యూటర్‌కు ఐ.పి. చిరునామా అనే సంఖ్య ఉంటుంది. ఇళ్లలోను, హోటళ్లలోను రూటర్ ఈ చిరునామాను దానంతట అదే కేటాయిస్తుంది. ఈ విధానాన్ని డి.హెచ్.సి.పి. అంటారు. కొన్ని కార్యాలయాలలో మాత్రం భద్రత, పర్యవేక్షణ దృష్ట్యా ప్రతి యంత్రానికి ఒక స్థిరమైన చిరునామాను సిబ్బందే నమోదు చేస్తారు. దానితో పాటు బయటి ప్రపంచానికి దారి చూపే గేట్‌వే, వెబ్‌సైట్ పేర్లను సంఖ్యలుగా మార్చే డి.ఎన్.ఎస్., కొన్ని చోట్ల ప్రాక్సీ సర్వర్ వివరాలు కూడా నమోదవుతాయి.

ఉదాహరణకు, కార్యాలయంలో 10తో మొదలయ్యే స్థిర చిరునామా ఉన్న ల్యాప్‌టాప్‌ను 192.168.1తో మొదలయ్యే చిరునామాలు గల ఇంటి రూటర్‌కు కలిపితే, అది అక్కడ లేని గేట్‌వే కోసం వెదకుతుంది. బదిలీ అయిన ఉద్యోగి పాత కార్యాలయపు చిరునామాతోనే ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించినట్లు అవుతుంది. కేబుల్‌కు, వైఫైకి ఐ.పి. అమరికలు వేర్వేరుగా ఉంటాయి కనుక ఒకటి పనిచేసి మరొకటి పనిచేయకపోవచ్చు.

వరుస క్రమంలో పరిశీలన

అమరికలన్నింటినీ ఒకేసారి మార్చడం వలన అసలు లోపం మరుగున పడుతుంది. ఈ క్రింది క్రమంలో పరిశీలించడం మేలు.

1. అనుసంధానం: కేబుల్ సరిగా బిగిసి ఉన్నదీ, వైఫై ఆన్‌లో ఉన్నదీ, విమాన మోడ్ తొలగించినదీ లేనిదీ చూడాలి. కేబుల్, వైఫై రెండూ ఒకేసారి కలిపి ఉంటే ఒకదానిని తొలగించి పరీక్షించాలి. ఇంటర్నెట్ లేని కేబుల్ మార్గాన్నే యంత్రం ఎంచుకునే అవకాశం ఉంది.

2. చిరునామా: విండోస్ యంత్రాలలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం ఇస్తే ప్రస్తుత చిరునామా కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే రూటర్ నుండి చిరునామా అందలేదని అర్థం. అటువంటప్పుడు అనుసంధానాన్ని తొలగించి మరల కలపాలి. పాత కార్యాలయపు చిరునామాయే కనిపిస్తే, దాని వివరాలు రాసి ఉంచుకుని, చిరునామాను, డి.ఎన్.ఎస్.ను స్వయంచాలకంగా పొందే ఎంపికకు మార్చాలి.

3. పేర్ల అనువాదం: 8.8.8.8 వంటి సంఖ్యా చిరునామాకు పింగ్ ఆదేశం ద్వారా జవాబు వస్తూ, వెబ్‌సైట్ పేరుతో మాత్రం పేజీ తెరుచుకోకపోతే డి.ఎన్.ఎస్.ను అనుమానించాలి. కొన్ని కార్యాలయాలలో పింగ్‌ను నిరోధిస్తారు. కనుక జవాబు రానంత మాత్రాన లైను లేదని నిర్ధారించరాదు.

4. ప్రాక్సీ: ఐ.పి. చిరునామా వలె గాక, విండోస్‌లో ప్రాక్సీ అమరిక సాధారణంగా కేబుల్‌కు, వైఫైకి ఉమ్మడిగా వర్తిస్తుంది. చిరునామా సరిగా ఉండి, పింగ్‌కు జవాబు వస్తూ, బ్రౌజర్ మాత్రమే పనిచేయకపోతే పాత కార్యాలయపు ప్రాక్సీ మిగిలి ఉన్నదేమో చూసి తొలగించాలి.

5. ప్రవేశ పేజీ: విమానాశ్రయాలు, హోటళ్లు, సమావేశ మందిరాలలో వైఫై కలిసిన తరువాత మొబైల్ నంబరు లేదా సంకేత పదం అడిగే పేజీ ముందుగా తెరుచుకోవాలి. వి.పి.ఎన్., ప్రాక్సీ, చేతితో నమోదు చేసిన డి.ఎన్.ఎస్. ఈ పేజీని అడ్డుకోవచ్చు. వాటిని నిలిపి, ప్రవేశం పూర్తి చేసిన తరువాతే వి.పి.ఎన్.ను ప్రారంభించాలి.

6. వి.పి.ఎన్.: నెట్‌వర్క్ మారితే పాత వి.పి.ఎన్. అనుసంధానం తెగిపోవచ్చు. దానిని పూర్తిగా ముగించి మరల ప్రారంభించాలి. ఇంటి రూటరు, కార్యాలయపు నెట్‌వర్కు ఒకే వరుస చిరునామాలు వాడుతుంటే వి.పి.ఎన్. కలిసినా కార్యాలయపు సర్వర్లు అందకపోవచ్చు. మొబైల్ హాట్‌స్పాట్ ద్వారా ప్రయత్నిస్తే ఈ విషయం తేలుతుంది.

తిరిగి కార్యాలయానికి వచ్చినప్పుడు

ఇంటి వద్ద అమరికలు మార్చి మరునాడు కార్యాలయంలో ఇబ్బంది పడేవారు కూడా ఉన్నారు. ఇందుకు విండోస్‌లో ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్ అనే సదుపాయం ఉంది. ప్రధాన అమరికను స్వయంచాలకంగా ఉంచి, కార్యాలయపు స్థిర చిరునామాను ఇందులో నమోదు చేయవచ్చు. చిరునామా కేటాయించే రూటర్ లేని చోట యంత్రం దీనిని ఉపయోగించుకుంటుంది. అయితే కార్యాలయంలో డి.హెచ్.సి.పి. లేనప్పుడే ఇది పనికివస్తుంది.

ముందుగా నమోదు చేసిన యంత్రాలకే ప్రవేశం ఉన్న కార్యాలయాలలో మరొక చిక్కు ఎదురుకావచ్చు. విండోస్ 10, 11లలో వైఫైకి యాదృచ్ఛిక హార్డ్‌వేర్ చిరునామా వాడే ఎంపిక ఉంది. అది ఆన్‌లో ఉంటే నెట్‌వర్క్ ఆ యంత్రాన్ని కొత్తదిగా భావించి నిరాకరిస్తుంది. కార్యాలయపు వైఫైకి మాత్రం దీనిని ఆపివేయాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

పక్క యంత్రపు ఐ.పి. చిరునామాను చూసి తమ యంత్రంలో నమోదు చేయరాదు. ఒకే చిరునామా రెండు యంత్రాలకు ఉంటే రెండింటికీ అంతరాయం కలుగుతుంది. కార్యాలయపు కేబుల్, మొబైల్ హాట్‌స్పాట్ రెండింటినీ ఏకకాలంలో కలిపి ఉంచరాదు. దీనివలన రక్షణ వ్యవస్థను తప్పించుకునే మార్గం ఏర్పడే ప్రమాదం ఉంది. సమస్య పరిష్కారం పేరుతో ఫైర్‌వాల్‌ను నిలిపివేయడం కూడా తగదు. బహిరంగ వైఫైపై అధికారిక పత్రాలు పంపవలసి వస్తే కార్యాలయం అనుమతించిన వి.పి.ఎన్.నే వాడాలి.

సాంకేతిక సిబ్బందికి ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావడం లేదు" అని చెప్పడం చాలదు. కేబులా, వైఫైయా, కనిపిస్తున్న చిరునామా ఏమిటి, అదే లైనుపై ఇతర యంత్రాలు పనిచేస్తున్నాయా, చివరిసారి ఎక్కడ పనిచేసింది అనే నాలుగు వివరాలు తెలిపితే లోపాన్ని గుర్తించడం సులువవుతుంది. ఇతర యంత్రాలు కూడా పనిచేయకపోతే లోపం లైనులో లేదా రూటరులో ఉండవచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్ అమరికలను కదిలించవలసిన పనిలేదు.

బంగాళాఖాతంలో తుపానులు సాధారణంగా నైరుతి రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలల్లోను, అనంతరం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఏర్పడతాయి. ఆ కాలానికి ముందే ప్రతి కార్యాలయంలోను క్షేత్ర విధులకు వెళ్లే ల్యాప్‌టాప్‌లను మొబైల్ హాట్‌స్పాట్‌పైన, మరొక కార్యాలయపు లైనుపైన ఒక్కసారి పరీక్షించి చూడడం, కార్యాలయపు అమరికలను కాగితంపై రాసి భద్రపరచడం మంచిది. విద్యుత్తు, సర్వర్లు అందుబాటులో లేని వేళ ఆ కాగితమే అక్కరకు వస్తుంది.