చివరి సెమిస్టరు, చేతిలో ఉత్తరం

డిగ్రీ చివరి సంవత్సరం చదివే పిల్లలున్న ఇళ్ళలో రాత్రి భోజనాల దగ్గర ఒకటే ప్రశ్న: "మెయిల్ ఏమైనా వచ్చిందా?" మా రోజుల్లో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ కొని, పోస్టల్ ఆర్డరు జతచేసి దరఖాస్తు పంపి, పోస్ట్‌మాన్ కోసం వీధి అరుగు మీద కూర్చునేవాళ్ళం. అప్పుడు ఎదురుచూపు నెలల తరబడి. ఇప్పుడు ఒక్క సాయంత్రంలోనే నాలుగుచోట్ల "లేదు" అనిపించుకోవచ్చు. ఏది నయమో చెప్పలేను.

బెంగుళూరులో మన పిల్లలు ఎక్కువగా వెళ్ళి చూసే చోట్లలో హోసూరు రోడ్డు మీది బొమ్మసంద్ర పారిశ్రామికవాడ ఒకటి. మందుల కంపెనీలు, విడిభాగాలు చేసే షెడ్లు, పెద్ద ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. 2025 ఆగస్టులో ఆర్.వి.రోడ్డు నుంచి మెట్రో పసుపు లైను అక్కడిదాకా వచ్చాక, ఉదయం కాలేజీ, మధ్యాహ్నం ఇంటర్‌వ్యూ అన్నది సాధ్యమైంది. గేటు దగ్గర మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: "కన్నడ బరుత్తా?" ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషుతో సరిపెట్టుకున్న పిల్లలు అక్కడే తడబడతారు.

మా బ్రాంచికి ఒక తల్లి, బి.కాం. చివరి సంవత్సరం కూతురితో జీతం ఖాతా తెరవడానికి వచ్చారు. మిఠాయిలు కూడా తెచ్చారు. ఉత్తరం చూస్తే అది ఉద్యోగం కాదు, ఏడాది అప్రెంటిస్ శిక్షణ. అలా చెప్పేసరికి ఆవిడ ముఖం వాడిపోయింది. "అంటే ఇది ఉద్యోగం కాదా అన్నయ్యగారూ?" అన్నారు.

ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే గాని కార్మికుడు కాడు. ప్రావిడెంట్ ఫండ్ ఉండదు. ఏడాది అయ్యాక ఉద్యోగంలోకి తీసుకోవాలా వద్దా అన్నది కంపెనీ విధానాన్ని బట్టి ఉంటుంది. ఇంజనీరింగేతర పట్టభద్రులకు ఈ దారి తెరిచింది 2014 సవరణ. 2019 నిబంధనలు పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండు నిర్ణయించాయి.

అమ్మాయి మాత్రం వెనకాడలేదు. "చేరతాను అంకుల్, బిల్లులు చూడటమైనా వస్తుంది" అంది. స్టోర్సు రిజిస్టరు, జి.ఎస్.టి., ఈ-వే బిల్లు అన్నీ నేర్చుకుంది. ఏడాది తిరిగాక ఆ కంపెనీ తీసుకోలేదు. వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. తరువాత అదే రోడ్డులో మరో చిన్న షెడ్డువాళ్ళు ఆ సర్టిఫికెట్ చూసి అకౌంట్సులోకి తీసుకున్నారు.

ఇంకో సంగతి మరీ బాధ కలిగించేది. ఒక అబ్బాయి కన్సల్టెన్సీ అడిగిందని "తిరిగి ఇచ్చే డిపాజిట్" పేరిట 6,000 పంపి, ఇంట్లో చెప్పడానికి భయపడి తొమ్మిది రోజుల తరువాత నా దగ్గరికొచ్చాడు. అప్పటికే ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. సరైన కంపెనీ ఏదీ ఉద్యోగమిస్తానని డబ్బు అడగదు. పంపేసి ఉంటే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పాలి. పిల్లవాడు భయపడకుండా చెప్పుకునే వీలు ఇంట్లో ఉంటేనే ఇది జరిగేది.

బ్యాంకు పరీక్షల మీద ఆశ ఉన్నవారికి ఒక మాట. మేము రాసిన బి.ఎస్.ఆర్.బి. బోర్డులు 2001లోనే మూతపడ్డాయి. ఇప్పుడు ప్రభుత్వ బ్యాంకుల్లో చాలావాటికి ఐ.బి.పి.ఎస్. ఉమ్మడి పరీక్ష ఉంది. దానికి ప్రకటనలో చెప్పిన తేదీనాటికి డిగ్రీ ఫలితం చేతికి వచ్చి ఉండాలి. పైన చెప్పిన అమ్మాయి ఇప్పుడు దానికే చదువుతోంది, రానూపోనూ మెట్రోలో.