ఋణం తీర్చుకొన్న న్యాయవాది

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడని మనవారి సామెత. వ్యాజ్యం వల్ల బాగుపడేది వకీలు ఒక్కడేనని దాని ఆంతర్యం. ఈ అభిప్రాయం బొత్తిగా నిరాధారమని చెప్పడానికి వీలులేదు. కాని ఆ వృత్తిలోనే ఉండి, పరుల వ్యాజ్యానికై తాము నష్టపడినవారూ, చట్టం రద్దుచేసిన బాకీని సైతం చెల్లించినవారూ లేకపోలేదు. వంగదేశీయుడైన చిత్తరంజన్ దాస్ అట్టివారిలో అగ్రగణ్యుడు. దేశబంధుగా ఆయనను చరిత్ర పాఠాలు చెబుతూనే ఉన్నవి. న్యాయవాదిగా ఆయన నడచిన బాట కూడ తెలుసుకోదగినది.

చిత్తరంజన్ దాస్ 1870 నవంబరు 5వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి భువనమోహన్ దాస్ కలకత్తా హైకోర్టులో అటార్నీ. ఆనాడు ఆ హైకోర్టు ఒరిజినల్ సైడులో న్యాయవాద వృత్తి రెండు పాయలుగా ఉండేది. కక్షిదారుతో మాట్లాడి, కాగితాలు కూర్చి, వ్యవహారాన్ని సిద్ధం చేసేవాడు అటార్నీ. న్యాయమూర్తి ఎదుట నిలిచి వాదించేవాడు బారిష్టరు. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రుడై ఇంగ్లండు వెళ్ళిన చిత్తరంజన్ ఐ.సి.యస్. పరీక్షలో నెగ్గలేదు. బారిష్టరై తిరిగివచ్చారు.

తొలి సంవత్సరాలలో చెప్పుకోదగిన రాబడి లేదు. పైగా తండ్రి మిత్రులకోసం పడిన పూచీలు, ఇంటి బాకీలు తలకు మించినవి. కుమారుడు కూడ ఆ బాధ్యతను నెత్తిన వేసుకొన్నారు. చివరకు 1906లో తండ్రీ కొడుకులిద్దరూ దివాలా ప్రకటించవలసి వచ్చినది. ఇతరుల ఆస్తి తగాదాలు వాదించవలసిన బారిష్టరు తానే దివాలాదారు కావడం ఎంతటి తలవంపు!

ఆ తలవంపు తీరకముందే గొప్ప పరీక్ష ఎదురైనది. 1908 ఏప్రిల్ 30వ తేదీన ముజఫర్‌పూరులో ఒక ఆంగ్లేయ న్యాయాధికారికై ఉద్దేశించిన బాంబు గురితప్పి ఇద్దరు స్త్రీలను బలిగొన్నది. రెండు రోజులలో కలకత్తాలో అరవింద ఘోష్, ఆయన తమ్ముడు బారీంద్రుడు, మరికొందరు యువకులు నిర్బంధితులైనారు. చక్రవర్తిపై యుద్ధానికి పూనుకొన్నారని అభియోగం. నేరం రుజువైతే ఉరిశిక్ష కూడ పడవచ్చు. ఆలీపూరు సెషన్సు కోర్టులో ప్రభుత్వం పక్షాన వాదించినది ఎర్డ్లీ నార్టన్. మద్రాసు హైకోర్టులో పేరుమోసిన ఈ బారిష్టరు తెలుగు కక్షిదారులకు కొత్తవాడు కాడు. న్యాయమూర్తి బీచ్‌క్రాఫ్ట్ ఇంగ్లండులో అరవిందుని సహాధ్యాయి; ఐ.సి.యస్. పరీక్షలో గ్రీకు భాషలో అరవిందుడే ఆయనను మించినాడు.

అరవిందుని పక్షాన చిత్తరంజన్ నిలిచారు. విచారణలో రెండువందల పైచిలుకు సాక్షులు, వేలకొలది కాగితాలు. ఇతర వ్యవహారాలన్నీ కట్టిపెట్టి, నెలల తరబడి సగం రాత్రులు మేల్కొని, ఆరోగ్యం చెడగొట్టుకొని తన మిత్రుడు శ్రమించినాడని విడుదలానంతరం ఉత్తరపారా ఉపన్యాసంలో అరవిందుడే చెప్పారు. అప్పులలో ఉన్నవానికి రాబడిని వదలుకోవడం కంటె పెద్ద త్యాగం ఏమున్నది?

ఆ శ్రమ ఫలితం ఎట్టిదో ఒక ఉత్తరం కథ చెబుతుంది. దేశమంతటా 'మిఠాయిలు' సిద్ధంగా ఉండాలని బారీంద్రుడు అన్నకు వ్రాసినట్లు ఒక ఇంగ్లీషు లేఖ పోలీసులకు దొరికినదట. మిఠాయిలనగా బాంబులేనని ప్రభుత్వ వాదం. లేఖపై ఉన్న తేదీనాటికి అన్నదమ్ములిద్దరూ సూరతులోనే ఉన్నారు. ఒకే ఊరిలో ఉన్న అన్నకు ఉత్తరమెందుకు? బెంగాలీ ఇంట తమ్ముడు అన్నను 'సేజ్‌దా' అంటాడు గాని 'డియర్ బ్రదర్' అని సంబోధిస్తాడా? అన్నకు వ్రాసే జాబులో ఇంటిపేరుతో సహా సంతకం చేస్తాడా? ఇది కల్పితమని చిత్తరంజన్ వాదం. అన్నయ్యా అని నోరారా పిలుచుకొనే తెలుగువారికి ఆ వాదంలోని బలం వేరుగా చెప్పనక్కరలేదు. న్యాయమూర్తి ఆ లేఖను అనుమానాస్పదమనే భావించారు. స్వాతంత్ర్యాన్ని ప్రేమించడం, ప్రబోధించడం నేరం కాదన్నది చిత్తరంజన్ రెండవ వాదం. అనుమానం ఎంత బలమైనదైనా సాక్ష్యం కాజాలదన్న సూత్రానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

1909 మే 6వ తేదీన తీర్పు వెలువడినది. అరవిందుడు నిర్దోషిగా విడుదలైనారు. బారీంద్రునికీ, ఉల్లాస్‌కర్ దత్తుకూ మరణశిక్ష. హైకోర్టు అప్పీలులో అది యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారినది.

ఆ తరువాత చిత్తరంజన్ ఇంటికి కక్షిదారులు వెతుక్కొంటూ వచ్చారు. ఢాకా కుట్రకేసు వంటి క్రిమినల్ వ్యవహారాలతోపాటు, డుమ్రావ్ సంస్థాన వారసత్వపు దావా వంటి పెద్ద సివిల్ వ్యాజ్యాలు కూడ చేతికందినవి. డబ్బు వచ్చినది. వచ్చిన డబ్బుతో ఆయన మొదట చేసినదేమి? దివాలాతో చట్టరీత్యా తొలగిపోయిన పాత బాకీలను 1913లో వెతికి వెతికి చెల్లించారు. ఏ అప్పులవాడూ ఆయనపై దావా వేయగల స్థితి లేదు. చట్టం క్షుణ్ణంగా ఎరిగినవాడు కనుక ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. చట్టం విడిచిపెట్టినా మాట విడిచిపెట్టదని ఆయన నమ్మకం.

1920 డిసెంబరు నాగపూరు కాంగ్రెసు అనంతరం, రాబడి శిఖరాన ఉన్న ఆ వృత్తిని ఆయన పరిత్యజించారు. 1921 డిసెంబరులో నిర్బంధితులై, ఎందరినో కాపాడిన ఆ గొంతును తన రక్షణకు వినియోగించక, ఆరు నెలల శిక్ష అనుభవించారు. 1925 జూన్ 16వ తేదీన డార్జిలింగులో కన్నుమూసే నాటికి కలకత్తాలోని తన ఇంటిని సైతం జాతికి అర్పించారు. అది స్త్రీల వైద్యశాలగా చిత్తరంజన్ సేవాసదన్ అయినది.

తండ్రి అప్పులవారికి, ఆపదలో ఉన్న మిత్రునికి, చివరకు దేశానికి, ఇలా వరుసగా ఆయన చెల్లిస్తూనే వచ్చారు. వీటిలో ఒక్కదానికైనా ఏ కోర్టూ ఆయనపై డిక్రీ ఇవ్వలేదు.