బొమ్మల పుస్తకాలు చిన్నపిల్లలకేనా? టీనేజ్‌లో మొదలుపెట్టడానికి నాలుగు గ్రాఫిక్ నవలలు

ఈరోజు ఎపిసోడ్ మా తమ్ముడి వల్ల చేస్తున్నాను. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. టెన్త్ వరకు తెలుగు మీడియం, ఇప్పుడు ఇంటర్ సెకండియర్, ఇంగ్లిష్ మీడియం. మొన్న సెలవులకి మా ఇంటికొచ్చి, నా పుస్తకాల అల్మరా చూసి, "అక్కా, మనకి ఇవన్నీ పడవు" అన్నాడు.

కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటికొచ్చింది. ఇంగ్లిష్ పుస్తకం తెరిస్తే రెండో పేజీకే డిక్షనరీ కావాలి. క్లాసులో పక్కవాళ్లు గడగడా చదివేస్తుంటే వీడికి సిగ్గు. అలా అలా, "నాకు చదవడం రాదు" అని తనే డిసైడ్ అయిపోయాడు. పదిహేడేళ్లకే ఆ మాట అనుకుంటే ఎలా చెప్పండి?

అందుకే వాడి చేతిలో ఒక గ్రాఫిక్ నవల పెట్టాను. అది చూసి మా పిన్ని, "ఇంత వయసొచ్చాక బొమ్మల పుస్తకాలేంటే? పరీక్షల్లో బొమ్మలొస్తాయా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పుకుందాం.

బొమ్మలుంటే చదవడం తేలికేనా?

మన ఇళ్లలో చందమామ చూసే ఉంటారు. 1947లో మొదలైంది. వడ్డాది పాపయ్య గారు, శంకర్ గారు లాంటివాళ్ల బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, అక్కడ బొమ్మ కథకి తోడు. బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసేసినా కథ అర్థమవుతుంది. గ్రాఫిక్ నవలలో ఆ పని చేస్తే సగం కథ పోతుంది. కొన్ని పేజీల్లో అసలు మాటలే ఉండవు.

ఇంకో చిన్న విషయం. రెండు గడుల మధ్య తెల్లటి ఖాళీ ఉంటుంది కదా, దాన్ని గటర్ అంటారు. ఒక గడిలో నాన్న చెయ్యెత్తాడు. పక్క గడిలో పిల్లాడు చెంప పట్టుకున్నాడు. కొట్టిన బొమ్మ ఎక్కడా లేదు. ఆ దెబ్బని ఊహించుకున్నది మీరే. ఇలాంటి విషయాలన్నీ చెప్పడానికి స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ఏకంగా కామిక్స్ రూపంలోనే ఒక పుస్తకం వేశాడు. అంటే ఇక్కడ చదివేవాడికి పని తక్కువేం కాదు. కాకపోతే ఒక మాట తెలియకపోయినా బొమ్మ చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్తుంది. భాషంటే భయం ఉన్నవాళ్లకి అదే పెద్ద ధైర్యం.

సరే, ఇక పుస్తకాలు.

ఒకటి: అమెరికన్ బార్న్ చైనీస్

జీన్ లూయెన్ యాంగ్, 2006. మా తమ్ముడికి మొదట ఇచ్చింది ఇదే. కొత్త స్కూల్లో చేరిన జిన్ వాంగ్ అనే చైనీస్ కుటుంబం కుర్రాడు, అందరిలాంటి అమెరికన్‌లా కనిపించాలని తాపత్రయపడతాడు. దీనికి సమాంతరంగా చైనా పురాణాల్లోని కోతిరాజు కథ నడుస్తుంది. దేవతల విందుకి వెళ్తే, కాళ్లకి చెప్పుల్లేవని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఆ అవమానంతో ఆయన ఏం చేశాడో మీరే చదవండి. అమెరికాలో టీనేజ్ పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ అవార్డు 2007లో దీనికే వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి గ్రాఫిక్ నవల ఇది. కాలేజీ మారి, మీడియం మారి, "నేను వీళ్లలో ఒకడిని కాదు" అనిపించినవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి.

రెండు: భీమాయన

ఇది మన దేశం పుస్తకం, 2011లో నవయాన వేసింది. అంబేడ్కర్ గారి జీవితం. బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు. ఇందులో మామూలు కామిక్స్‌లా చతురస్రపు గడులుండవు. మాటల బుడగలు చూడండి: మెత్తని మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి, విషం కక్కే మాటలకి తేలు తోక ఉంటుంది. బడిలో దాహమేసిన పిల్లాడికి నీళ్లు అందనివ్వని సంగతి మనం పాఠంలో నాలుగు మార్కుల ప్రశ్నగా చదివాం. ఇక్కడ ఆ దాహం కంటికి కనిపిస్తుంది. ఇంగ్లిష్ కూడా మరీ కష్టం కాదు.

మూడు: పెర్సెపోలిస్

మర్జాన్ సత్రపీ తన సొంత బాల్యం గురించి రాసి, తనే బొమ్మలేసింది. 1979లో ఇరాన్‌లో విప్లవం. ఆ మరుసటి ఏడాది, పదేళ్ల వయసులో, బడిలో తల మీద ముసుగు తప్పనిసరి. తర్వాత యుద్ధం. అంతా నలుపు తెలుపు బొమ్మలే. కానీ ఆ పిల్ల అల్లరి, పాప్ పాటల పిచ్చి, ఇంట్లో వాదనలు చూస్తుంటే మన పక్కింటి అమ్మాయే అనిపిస్తుంది. జైలు హింస సీన్లు కొన్ని ఉన్నాయి, కాబట్టి తొమ్మిదో తరగతి దాటినవాళ్లకి చెప్తాను.

నాలుగు: మౌస్

ఆర్ట్ స్పీగల్‌మన్, రెండు భాగాలు, 1986, 1991. హిట్లర్ కాలంలో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడిన తన తండ్రి కథ. యూదులు ఎలుకలుగా, నాజీలు పిల్లులుగా ఉంటారు. కార్టూన్ కదా అని తెరిస్తే గుండె బరువెక్కుతుంది. 1992లో దీనికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. 2022లో అమెరికాలోని టెనెస్సీలో ఒక స్కూల్ బోర్డు దీన్ని ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేస్తే, జనం ఎగబడి కొన్నారు. మొదటి పుస్తకంగా మాత్రం వద్దు. పైవాటిలో ఒకటి రెండు అయ్యాక పట్టుకోండి.

ఫోన్‌లో చదివేవాళ్లకి

గడి గడికీ జూమ్ చేసుకుంటూ పోకండి. ముందు పేజీ మొత్తం ఒకసారి చూడండి, ఎందుకంటే ఏ బొమ్మ పెద్దది, ఏది చిన్నది అనేదానిలోనే సగం అర్థం ఉంటుంది. తర్వాత దగ్గరగా చదవండి. తెలియని మాట వస్తే ఆగకండి, పేజీ అయ్యాక వెనక్కి రండి. జపాన్ మాంగా అయితే కుడి నుంచి ఎడమకి చదవాలి. వీలైతే ఊళ్లో లైబ్రరీలో అడగండి. లేకపోతే ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి తలా ఒకటి కొనుక్కుని మార్చుకోండి.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడేం రాత్రికి రాత్రే పుస్తకాల పురుగు అయిపోలేదు. మొదటి పుస్తకానికి పది రోజులు పట్టింది. కానీ పూర్తిచేశాడు. చివరి పేజీ అయ్యాక వాడన్న మాట: "అక్కా, నేను ఇంగ్లిష్‌లో మొత్తం చదివిన మొదటి పుస్తకం ఇదే." తర్వాత ఆ కోతిరాజు అసలు కథ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. పిన్ని కూడా కొంచెం తగ్గింది: రోజూ చదువు అయ్యాక అరగంట, అంతవరకు ఒప్పుకుంది. మాకది చాలు.

మీ ఇంట్లో కూడా "నాకు చదవడం రాదు" అనేవాళ్లు ఎవరైనా ఉంటే, లెక్చర్లు ఇవ్వకండి. వీటిలో ఒకటి తెచ్చి వాళ్ల మంచం పక్కన పెట్టండి. మీరు చదివిన మంచి కామిక్స్ ఉంటే కామెంట్స్‌లో పేర్లు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.