కొత్త వెర్షన్ వచ్చింది! మారాలా? ఆగాలా?

వేసవిలో పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే కర్నూలు, కడప పట్టణాలలోని వీడియో స్టూడియోలకు తీరిక ఉండదు. పెళ్లి ఒక్క పూటలో ముగిసిపోతుంది. పందిరి విప్పేస్తారు, బంధువులు బస్సెక్కుతారు. ఆ తర్వాత మిగిలేవి ఫోటోలు, వీడియో మాత్రమే. తలంబ్రాలు మళ్లీ పోయించలేము. అక్షింతలు వేసి దీవించిన అవ్వ మరుసటి ఏడాది ఉండకపోవచ్చు. అందుచేత ఆ వీడియో చేసేవాని కంప్యూటరులో ఉన్నది కేవలం ఫైళ్లు కావు, ఒక కుటుంబం జ్ఞాపకాలు.

మీ చిన్నాయనకు కర్నూలులో అటువంటి చిన్న స్టూడియో ఒకటి ఉందనుకోండి. ఒకనాడు ఆయన కంప్యూటరు తెర మీద ఒక ప్రకటన కనిపించింది: “ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. ఇప్పుడే మార్చుకోండి.” ఆయన మిమ్మల్ని పిలిచి “నీవు సైన్సు చదువుకుంటున్నావు కదా! మారుద్దామా, వద్దా?” అని అడిగితే మీరేమి చెబుతారు? “కొత్తదే మంచిది” అనవద్దు. “పాతదే బంగారం” అనీ అనవద్దు. ఈ రెండూ అభిప్రాయాలే గాని సమాధానాలు కావు. సమాధానం కావాలంటే లోపల ఏమి జరుగుతున్నదో ముందు తెలుసుకోవాలి.

కత్తెర లేని కత్తిరింపు

పూర్వం సినిమా ఎడిటింగ్ అంటే నిజంగానే కత్తిరించడం. ఫిల్మును ముక్కలుగా కోసి, కావలసిన ముక్కలను వరుసగా అతికించేవారు. ఫిల్మును చూస్తూ కోయడానికి వీలు కల్పించే మూవియోలా అనే యంత్రం 1924లో వచ్చింది. కడప జిల్లాలో పుట్టిన బి. ఎన్. రెడ్డి 1951లో “మల్లీశ్వరి” తీసిన నాటికి ఎడిటింగ్ పద్ధతి ఇదే.

కంప్యూటరులో అలా కాదు. ఇక్కడ అసలు వీడియోను ఎవరూ కోయరు. సాఫ్ట్‌వేర్ ఒక చిట్టా మాత్రం రాసుకుంటుంది: “మొదటి ఫైలులో 12వ సెకను నుంచి 20వ సెకను వరకు చూపు. తర్వాత మూడవ ఫైలుకు వెళ్లు. నాదస్వరం శబ్దం కొంచెం తగ్గించు.” ఈ చిట్టానే ప్రాజెక్టు ఫైలు అంటారు. వంటకీ, వంట ఎలా చేయాలో రాసిన కాగితానికీ ఎంత తేడా ఉందో, వీడియోకీ ప్రాజెక్టు ఫైలుకీ అంత తేడా ఉంది.

మన చిక్కంతా ఈ చిట్టాతోనే. కొత్త వెర్షన్‌కు పాత చిట్టా భాష సాధారణంగా తెలుసు. కాని పాత వెర్షన్‌కు కొత్త చిట్టా భాష తెలియదు. పాత వెర్షన్ తయారైననాటికి ఆ కొత్త ఆజ్ఞలు పుట్టనే లేదు కదా! అంటే ఒకసారి ప్రాజెక్టును కొత్త వెర్షన్‌లో తెరచి భద్రపరిస్తే, వెనుకకు రావడం చాలాసార్లు వీలుపడదు.

ఒక్కొక్కసారి ముందుకు పోయే దారి కూడా మూసుకుపోతుంది. 2011 జూన్‌లో యాపిల్ సంస్థ “ఫైనల్ కట్ ప్రో” సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తిరగరాసి “ఫైనల్ కట్ ప్రో టెన్” పేరుతో విడుదల చేసింది. అది వేగంగా పనిచేసేది. కాని అంతకు ముందున్న ఏడవ వెర్షన్‌లో చేసిన ప్రాజెక్టులను అది తెరవలేకపోయింది. అనేక కెమెరాల దృశ్యాలను కలిపి ఎడిట్ చేసే సదుపాయం కూడా మొదట అందులో లేదు. 2012 జనవరిలో గాని రాలేదు. వృత్తిలో ఉన్న ఎడిటర్లు గగ్గోలు పెట్టారు. తొందరపడకుండా పాత వెర్షన్‌ను అట్టే పెట్టుకున్నవారి పని మాత్రం ఆగలేదు.

అంకెలలో ఉన్న కబురు

వెర్షన్ సంఖ్యను గమనించారా? “18.6.2” వంటి సంఖ్యలో సాధారణంగా మొదటి అంకె పెద్ద మార్పును, రెండవది కొత్త సదుపాయాలను, మూడవది తప్పుల దిద్దుబాటును తెలుపుతాయి. అన్ని సంస్థలూ ఈ పద్ధతినే పాటించవు. కొన్ని సంవత్సరం పేరే పెడతాయి. అయినా మార్పు చిన్నదా పెద్దదా అని అడగడం మొదటి మెట్టు. చొక్కాకు ఊడిన గుండీ కుట్టించడం వేరు, కొత్త చొక్కా కుట్టించడం వేరు!

ఈ తేడా మన కర్నూలు–కడప కాలువ కింది రైతులకు కొత్త కాదు. కర్నూలు సోనా పేరుతో అమ్మే సన్నబియ్యంలో ఎక్కువ భాగం సాంబ మసూరి రకమే. బాపట్లలో రూపొందిన ఆ వంగడం 1986లో విడుదలయింది. రుచిలో దానికి సాటి లేదు గాని బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకొనే మూడు జన్యువులను దానిలోకి సంకరణం ద్వారా చేర్చి, గింజ నాణ్యత చెడకుండా “మెరుగైన సాంబ మసూరి”ని తయారుచేశారు. అది 2008లో విడుదలయింది. మంచి గుణాలను కదపకుండా ఒక్క లోపాన్ని దిద్దడమన్న మాట! అయినా తెలివైన రైతు కొత్త విత్తనాన్ని పొలమంతా ఒకేసారి చల్లడు. ముందు ఒక మడిలో వేసి చూస్తాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మనకు మళ్లీ అవసరమవుతుంది.

యంత్రం మోయగలదా?

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. హెచ్.డి. వీడియోలో ఒక్కొక్క బొమ్మకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20,73,600. 4కె వీడియోలో 3840, 2160. గుణిస్తే 82,94,400. అంటే సరిగ్గా నాలుగు రెట్లు. ఒక్కొక్క చుక్క రంగు రాయడానికి 3 బైట్లు అనుకుంటే, 4కెలో ఒక్క బొమ్మకే దాదాపు 2 కోట్ల 49 లక్షల బైట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మలు చొప్పున ఒక్క సెకనుకు 62 కోట్ల బైట్లు దాటుతాయి. మూడు గంటల పెళ్లికి ఎంతవుతుందో మీరే లెక్కించండి!

ఇంత సమాచారాన్ని కెమెరా యథాతథంగా దాచలేదు. అందుకని కుదించి దాస్తుంది. పురోహితుడు మంత్రం చదువుతున్నప్పుడు వెనుక తెర కదలదు కదా! కెమెరా ఒక బొమ్మను పూర్తిగా రాసి, తరువాతి బొమ్మలలో మారిన భాగాన్ని మాత్రమే రాస్తుంది. 2003లో ఆమోదం పొందిన హెచ్.264 అనే కుదింపు పద్ధతి లోకమంతా వ్యాపించింది. 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతి అదే నాణ్యతను దాదాపు సగం చోటులో ఇముడ్చుతుంది. కాని మూటను ఎంత బిగించి కడితే విప్పడానికి అంత శ్రమ! హెచ్.265 ఫైలును విప్పడానికి కంప్యూటరు చాలా ఎక్కువ పని చేయాలి.

ఇక్కడే కొత్త వెర్షన్ అవసరం కొన్నిసార్లు నిజంగా పడుతుంది. కొత్త ఫోను, కెమెరాల ఫైళ్లను పాత సాఫ్ట్‌వేర్ తెరవలేకపోవచ్చు. అయితే మరో ఉపాయమూ ఉంది. ఆ ఫైళ్లను ముందుగా పాత సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన పద్ధతిలోకి మార్చుకోవచ్చు. కంప్యూటరు బలహీనమైనదైతే చిన్న నకలు ఫైళ్లు తయారుచేసి, వాటితో ఎడిటింగ్ ముగించి, చివర అసలు ఫైళ్లతో పూర్తి వీడియో తీయవచ్చు.

ఎండ సంగతీ మరువరాదు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఎక్కువ పనిచేసే ప్రాసెసరు వేడెక్కుతుంది. వేడి ఒక హద్దు దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుచేత “కొత్త వెర్షన్ నెమ్మదిగా ఉంది” అన్నప్పుడు తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాక, మిట్టమధ్యాహ్నపు వేడిదీ, గాలి రంధ్రాలలో పేరుకున్న దుమ్ముదీ కావచ్చు.

కర్నూలు రాసి చూడండి

మన భాషకు సంబంధించిన ఒక పరీక్ష ఉంది. పెళ్లి వీడియోలో పేర్లు, ఊరు తెలుగులో రావాలి కదా! “కర్నూలు” అన్న మాట చూడటానికి మూడు అక్షరాలే. కాని యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరు దానిని ఏడు సంకేతాలుగా దాస్తుంది: క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం. వీటిని కలిపి, వత్తును అక్షరం కింద చేర్చి, కొమ్మును తగిన చోట నిలబెట్టవలసిన పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని తెలియని సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోతాయి, గుణింతాలు చెదురుతాయి. పెళ్లికూతురు పేరే తప్పుగా కనిపిస్తే ఎంత చిన్నతనం! కొత్త వెర్షన్ ఈ లోపాన్ని దిద్దితే అది మారడానికి మంచి కారణమే. అయితే సెట్టింగులలో దక్షిణాసియా లిపుల ఎంపిక ఏదైనా ఉందేమో ముందు వెతకండి. మందు ఇంట్లోనే ఉండవచ్చు.

వడ్డీ కూడా లెక్కలోకే

ఇక డబ్బు. కొన్ని సాఫ్ట్‌వేర్లను ఒకసారి కొంటే చాలు. కొన్నిటికి అద్దె కడుతూనే ఉండాలి. అడోబి సంస్థ 2013 నుంచి కొత్త వెర్షన్లను అద్దె పద్ధతిలోనే ఇవ్వడం మొదలుపెట్టింది. కెడెన్‌లైవ్, షాట్‌కట్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఎక్కడి నుంచో వచ్చిన దొంగ నకళ్లను మాత్రం ముట్టుకోవద్దు. అది చట్టవిరుద్ధం. పైగా వాటితో పాటు వైరసులు వచ్చి, జ్ఞాపకాల ఫైళ్లన్నిటినీ ఊడ్చిపెట్టవచ్చు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. కొత్త వెర్షన్ నడవడానికి కొత్త కంప్యూటరు కావాలి. ఖర్చు 80,000 రూపాయలు. దానిని చిన్నాయన నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఏడాదికి వడ్డీ 19,200 రూపాయలు. కొత్త యంత్రం వల్ల ఒక్కొక్క పెళ్లికి రెండు గంటలు కలిసివస్తాయి. ఏడాదికి 40 పెళ్లిళ్లయితే 80 గంటలు. గంటకు 200 రూపాయల చొప్పున 16,000 రూపాయలు. చూశారా! లాభం వడ్డీకే చాలలేదు, అసలు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. 4కె వీడియో ఇవ్వగలిగితే ఏడాదికి అదనంగా ఐదు పెళ్లిళ్లు వచ్చి, ఒక్కొక్కదానిపై 6,000 రూపాయలు మిగులుతాయనుకోండి. అప్పుడు మొత్తం లాభం 46,000 రూపాయలు. ఏటేటా ఆ సొమ్మును అప్పుకే జమ వేస్తే మూడవ ఏట అప్పు తీరిపోతుంది. సాఫ్ట్‌వేర్ అదే, యంత్రం అదే. సమాధానం మాత్రం తలకిందులయింది. కాబట్టి “కొత్తది మంచిదా?” అన్నది సరైన ప్రశ్న కాదు. “నా పనికి, నా యంత్రానికి, నా జేబుకు మంచిదా?” అన్నదే సరైన ప్రశ్న.

ఒక మడిలో వేసి చూడండి

రైతు మాట గుర్తుందా? చిన్నాయనకు మీరు ఈ విధంగా చెప్పవచ్చు.

1. చేతిలో ఉన్న పెళ్లి పని పూర్తయ్యేదాకా మారవద్దు. ఏరు దాటుతూ పడవ మార్చకూడదు.

2. అసలు వీడియోలను, ప్రాజెక్టు ఫైళ్లను వేరొక డిస్కులో భద్రపరచండి. పాత సాఫ్ట్‌వేర్‌ను తీసివేయవద్దు.

3. పాత ప్రాజెక్టు నకలు ఒకటి తీసుకొని కొత్త వెర్షన్‌లో తెరవండి. దృశ్యాలు, శబ్దం, తెలుగు అక్షరాలు సరిగా వచ్చాయా?

4. ఒక నిమిషం వీడియోను పాత, కొత్త వెర్షన్లు రెండింటిలోనూ తయారుచేసి, పట్టిన కాలాన్ని గడియారంతో కొలవండి. ఒక్కొక్కదానిలో మూడుసార్లు చేసి సగటు కట్టండి. అదే కంప్యూటరు, అదే వీడియో, ఉదయం అదే వేళ ఉండాలి. ఒక్క వెర్షన్ తప్ప మరేదీ మారరాదు. ప్రయోగశాలలో మీరు నేర్చుకున్న నియమం ఇదే కదా!

5. భద్రతా లోపాలను దిద్దే చిన్న మార్పులను మాత్రం వాయిదా వేయవద్దు. ఫైళ్లకు నకలు తీసుకొని, పనికీ పనికీ మధ్య వాటిని చేర్చండి.

మరొక్క మాట. 1957లో విడుదలైన “మాయాబజార్”ను 53 ఏళ్ల తర్వాత, 2010లో, కంప్యూటర్ల సాయంతో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. దాని నిర్మాతలలో ఒకరైన బి. నాగిరెడ్డి కూడా కడప జిల్లావారే. ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తే చాలు, బొమ్మ కనిపిస్తుంది. కాని ప్రాజెక్టు ఫైలును ఎంత వెలుతురుకు పట్టినా ఏమీ కనిపించదు. దాని భాష తెలిసిన సాఫ్ట్‌వేర్ ఉంటేనే అది పలుకుతుంది. అందుచేత పూర్తయిన వీడియోను ఎక్కువ యంత్రాలకు తెలిసిన పద్ధతిలో తప్పక తయారుచేసి, కనీసం రెండు చోట్ల దాచండి.

మీ ఇంట్లో పాత పెళ్లి వీడియో ఏదైనా ఉందా? ఈ ఆదివారమే తీసి చూడండి. అది ఏ రూపంలో ఉంది? ఇప్పటి యంత్రంలో తెరుచుకున్నదా? తెరుచుకోకపోతే మీ తరగతిలో చర్చించి, దానిని కాపాడే మార్గం వెతకండి. అందులో దీవిస్తున్న అవ్వ మాట మీ పిల్లలకు కూడా వినిపించాలి కదా!