బ్యాటరీ మనది, మూత కంపెనోళ్లది

సెల్లు కొని రెండేండ్లు కాలేదు, పొద్దున ఫుల్లు పెడితే పగటీలికే ఎర్రగీత పడుతున్నదని మొత్తుకునేటోళ్లు ఏ ఊర్లె చూసినా పదిమంది దొరుకుతరు. ఇంట్లోళ్లు "రాత్రంత రీల్సు చూసి ఖరాబు జేసినవ్" అంటరు. షాపాయన "ఆ మోడలే గంత" అంటడు. సర్వీస్ సెంటర్ల కూసున్న పిల్లగాడు "వారంటీ అయిపోయింది, గీ పైసలకు ఇంకిన్ని కలిపితే కొత్తదే వస్తది గద అన్నా" అంటడు. ఈ మూడు మాటలల్ల ఏది ఎంత నిజమో తెల్వాలంటే బ్యాటరీ సంగతి కొంచెం, కంపెనీల సంగతి కొంచెం తెలుసుకోవాలె.

ఇది షోకు ముచ్చట కాదు. ఉపాధి హామీ పని కాడ ఎవలు వచ్చిండ్రో ఫోన్ల ఫొటో తీసి ఎక్కించుడు 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసిండ్రు. మేటు ఫోన్ నడుమల బందయితే కూలోళ్ల హాజరు ఆగమైతది. మహారాష్ట్రల 2021ల అంగన్‌వాడీ అక్కలు సర్కారు ఇచ్చిన ఫోన్లు నడుస్తలేవని, రిపేరు పైసలు మా మీదనే పడుతున్నయని మూకుమ్మడిగ తీస్కపోయి వాపస్ ఇచ్చిండ్రు. ఫోన్ తోని బతుకు ముడిపడ్డంక, అది ఎన్నేండ్లు నడవాలె, పాడైతే ఎవలు బాగు చెయ్యాలె అన్నది కూలి రేటు అసొంటి ముచ్చటనే.

ముందుగాల బ్యాటరీ. లోపల లిథియం కణాలుంటయ్. చార్జింగ్ పెడితే ఒక దిక్కునుంచి ఇంకో దిక్కుకు పోతయ్, మనం వాడుకుంటుంటే వాపస్ వస్తయ్. పోయి వచ్చే ప్రతిసారి కొన్ని తొవ్వలనే చిక్కుకుంటయ్. గట్ల ఏండ్లు గడిస్తే తిరిగేటియి తక్కువైతయ్, చార్జింగ్ నిలువది. ఇది ఎవలు వాడినా అయ్యేదే. లెక్క "సైకిల్" తోని కడతరు. ఇయ్యాల 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. ఆపిల్ కంపెనీ తన లెక్కల ఐఫోన్ 14 దాకా వచ్చిన ఫోన్లకు 500 సైకిళ్లు, 15 నుంచి 1000 సైకిళ్లు అయినంక 80 శాతం బలం మిగులుతదని చెప్తది. రోజుకు ఒక సైకిల్ కాలిస్తే 500 అంటే ఏడాదిన్నర దాటదు. మనదగ్గర సిగ్నల్ సరిగ్గ రాని ఊర్లల్ల ఫోన్ టవర్ కోసం దేవులాడుకుంటనే ఇంకింత కాలుస్తది.

ఎండ దీని పెద్ద శత్రువు. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాడుమని కంపెనీనే రాసింది. మే నెలల రామగుండం, జగిత్యాల దిక్కు 44, 45 డిగ్రీలు పోతది. బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి మ్యాప్ పెట్టి, పైనుంచి చార్జింగ్ పెట్టుకొని పోవుడంటే బ్యాటరీని పెనం మీద ఏసినట్టే. మెత్త కింద పెట్టి చార్జ్ చేసుడు సుత గంతే. ఇక కరెంటు ఎక్కువ తక్కువ వచ్చుడు వల్లనే బ్యాటరీ పోయిందని ఎవలన్న అంటే చార్జర్ మీద సూడుండ్రి, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటదని రాసి ఉంటది. ఆ తప్పు జనం మీదికి నూకుడు అన్నిసార్లు నిజం కాదు.

మరి 30 శాతం చూపిస్తనే ఫోన్ టక్కున బందయ్యేది ఎందుకు? బాయి కాడ మోటరు చాలు కాంగనే బల్బు డిమ్ముగయితది చూస్తం గద. పాత బ్యాటరీ కత గట్లనే ఉంటది. కెమెరనో గేమో తెరిస్తే ఒక్కసారి ఎక్కువ కరెంటు గుంజుతది, ముసలి బ్యాటరీ ఇయ్యలేక వోల్టేజీ పడిపోతది, ఫోన్ బందయితది.

ఈడనే కంపెనీల నీతి బయటపడ్డది. ఐఫోన్లు గట్ల బందయితుంటే 2017 మొదట్ల ఆపిల్ ఒక అప్‌డేట్ పంపింది. బ్యాటరీ ముసలిదైన ఫోన్ వేగాన్ని అది తగ్గించింది. చేసింది చేసింది గని, జనానికి సక్కగ చెప్పలేదు. ఫోన్ మెల్లగైందని జనం కొత్తది కొన్నరు. కొత్త బ్యాటరీ ఏస్తే వేగం మళ్ల వస్తదని కొందరు పరీక్ష చేసి చూపెట్టినంక, ఆ ఏడాది డిసెంబర్ల కంపెనీ ఒప్పుకొని మాఫీ అడిగింది. అమెరికాల బ్యాటరీ మార్చే రేటు 79 డాలర్ల నుంచి 29కి దించింది. జనానికి ముందుగాల చెప్పలేదని ఫ్రాన్స్ సర్కారు 2020ల రెండున్నర కోట్ల యూరోల జరిమానా ఏసింది. నాకైతే వేగం తగ్గించుడు కన్నా చెప్పకపోవుడే పెద్ద తప్పనిపిస్తది. బ్యాటరీ మారిస్తే సరిపోతదని తెలిస్తే ఫోనే మార్చేటోడు ఎవడు?

ఇంకో పాత కత యాదికి చేసుకోవాలె. నోకియా డబ్బా ఫోన్లల్ల బీఎల్-5సీ బ్యాటరీ ఉండేది. 2007 ఆగస్టుల అందులకెల్లి 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు వేడెక్కే ప్రమాదమున్నదని నోకియా ప్రకటించింది. మన దేశంల జనం భయపడి నోకియా కేర్ల ముందట గుమిగూడిండ్రు. గని పరిష్కారం ఎంత సులువు! వెనుక మూత తియ్యాలె, నంబర్ చూడాలె, ఆ రకందయితే బ్యాటరీ ఒక్కటి మార్చుకోవాలె, ఫోన్ మనదగ్గరనే. తొమ్మిదేండ్లకు, 2016ల, సామ్‌సంగ్ నోట్ 7 బ్యాటరీలు అంటుకునుడు మొదలైంది. మూత బిగించి అతికించిన ఫోనాయె, మొదటి విడతలనే 25 లక్షల ఫోన్లు వాపస్ గుంజవలసి వచ్చింది. ఆఖరుకు ఆ మోడలే బంద్ పెట్టిండ్రు.

మూత బిగించుడుకు కంపెనీలు కారణం చెప్తయ్. ఫోన్ పల్చగుంటది, నీళ్లు పోవు అంటయ్. అబద్ధం కాదు. కాని నీళ్లల్ల ముంచి యాడ్ తీసిన కంపెనీనే, నీళ్లు పోయి పాడైతే వారంటీ లేదని కింద సన్నటి అక్షరాలతోని రాస్తది. ఈత కొలనుల, సముద్రం కాడ వాడుకోవచ్చన్నట్టు యాడ్లు చూపెట్టినందుకు ఆస్ట్రేలియాల సామ్‌సంగ్‌కు 2022ల కోటీ 40 లక్షల అక్కడి డాలర్ల జరిమానా పడ్డది. అన్నీ చెడ్డ ముచ్చట్లే కావు. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలు వచ్చుడు మీద మన దేశంల లొల్లి జరిగితే, ఆ గీతలకు లైఫ్‌టైమ్ స్క్రీన్ వారంటీ ఇస్తమని వన్‌ప్లస్ దిగొచ్చింది. అందరు కలిసి అడిగితే వారంటీ కాయితం మారుతదన్నట్టు.

యూరప్‌ల మాత్రం జనం అడిగేదాకా ఆగలేదు, చట్టం చేసిండ్రు. 2025 జూన్ 20 నుంచి ఆడ అమ్మే కొత్త మోడల్ ఫోన్ బ్యాటరీ 800 సైకిళ్లు అయినంక సుత 80 శాతం నిలువాలె. మోడల్ అమ్ముడు ఆపినంక ఏడేండ్లు స్పేరు సామాన్లు దొరకాలె. 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులు పోను, బ్యాటరీ కొన్నోడే తీసుకునేటట్టు ఉండాలె. మనకాడ కేంద్రం 2022 జులైల "రిపేరు హక్కు" మీద కమిటీ ఏసింది, అదే ఏడాది డిసెంబర్ 24న వెబ్‌సైట్ తెరిచింది. ఫ్రిజ్ మీద చుక్కలున్నట్టు ఫోన్‌కు రిపేరు మార్కులు ఇయ్యాలని ఇంకో కమిటీ 2025 మేల నివేదిక ఇచ్చింది. స్పేరు సామాన్లు దొరుకుడు, విప్పుడు ఎంత సులువు, అప్‌డేట్లు ఎన్నేండ్లు అన్నయి చూసి మార్కులు ఏస్తరట. నివేదిక వేరు, చట్టం వేరు. గవే కంపెనీలు, గవే ఫోన్లు. ఆడ చేసేది ఈడ ఎందుకు చెయ్యరని అడగాలె.

గప్పటిదాక మన జాగ్రత్త మనది. బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ లేస్తే సూదులు గుచ్చకుండ్రి, చార్జింగ్ పెట్టకుండ్రి, అంటుకుంటది. బయట షాపుల బ్యాటరీ ఏయించుకుంటే దాని మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్, ఆర్ అక్షరంతోని మొదలయ్యేది, ఉన్నదా సూడుండ్రి. బీఐఎస్ కేర్ యాప్‌ల ఆ నంబర్ కొడితే అసలుదో కాదో తెలుస్తది. సర్వీస్ సెంటర్ల ఫోన్ ఇచ్చేటప్పుడు ఐఎంఈఐ నంబర్, ఫోన్‌కు ఉన్న దెబ్బలు, ఎంత ఖర్చయితదో జాబ్ షీట్ల రాయించుండ్రి. "నీళ్లు పోయినయ్" అంటే నోటితోని కాదు, ఫొటోతోని చూపెట్టుమనుండ్రి. మార్చిన పాత సామాను వాపస్ అడుగుండ్రి.

మాట వినకపోతే 1915కు ఫోన్ కొట్టాలె, పైసలు కావు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. కంపెనీ బెంగళూర్ల ఉన్నా, ఫోన్ ఆన్‌లైన్ల కొన్నా, 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలనే కేసు ఏయొచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, వకీలు ఉండాలన్న షరతు లేదు, ఈ-జాగృతి వెబ్‌సైట్ల ఇంట్ల కూసోని ఎక్కియ్యొచ్చు. నష్టం జరిగిన రెండేండ్లల్ల ఏయాలె. అన్నింటికీ బిల్లే ఆధారం. షాపులల్ల ఇచ్చే సన్న కాయితం బిల్లు ఏడాదికే అక్షరాలు పోయి తెల్లగైతది, కొన్నరోజే ఫొటో తీస్కోండ్రి. ఆ ఫొటోను ఆ ఫోన్లనే దాచుకుంటే లాభం లేదు, మెయిల్ చేసుకోండ్రి.