మీకు తెలుసా? కానుకగా ఇచ్చే కాఫీకీ ఒక ఊరుంది!

2019లో మన దేశంలో అయిదు కాఫీలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిలో అరకు లోయ అరబికా ఒకటి. కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుదన్‌గిరి అరబికాలు, వయనాడ్ రోబస్టా మిగతా నాలుగు. ఇలా ఒకే ప్రాంతంలో పండిన కాఫీనే ‘సింగిల్ ఆరిజిన్’ అంటారు. తోట ఉన్న ఎత్తు, నేల, చెట్ల నీడ, పండ్లను ఒలిచి ఆరబెట్టే తీరు గింజ రుచిని తీర్చిదిద్దుతాయి. ఆ రుచి కప్పుదాకా చేరాలా వద్దా అన్నది మాత్రం వేయించడంలో తేలుతుంది. బాగా నల్లబడేదాకా వేయిస్తే ఏ ఊరి గింజలోనైనా చేదుదే పైచేయి అవుతుంది. లేతగా వేయిస్తే పులుపు తేలుతుంది. అది అందరికీ నచ్చదు. గింజ మొదటిసారి చిటపటలాడాక, రెండోసారి చిటపటలాడకముందే దించే మీడియం రోస్ట్‌లో ఈ రెండూ అదుపులో ఉంటాయి. కానుక పుచ్చుకునేవారి అభిరుచి సరిగ్గా తెలియనప్పుడు అదే మేలు.

చికోరీ కలిపిన చిక్కటి డికాక్షన్‌కు అలవాటుపడ్డవారికి చికోరీ లేని ఈ కాఫీ పల్చగా అనిపించదా? అనిపించవచ్చు. చికోరీ రంగు, చిక్కదనం, చేదు ఇస్తుంది గానీ కాఫీ పరిమళం ఇవ్వదు. పొడి కాస్త పెంచి, పాలు తగ్గిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. ధర ఎక్కువంటారా? కానుకకు పావుకిలో చాలు. ఖరీదు కన్నా తాజాదనం ముఖ్యం. పొడి చేశాక కాఫీ వాసన త్వరగా పోతుంది కాబట్టి, గ్రైండర్ ఉన్న ఇంటికి గింజలే ఇవ్వండి. లేనివారికి ఫిల్టర్‌కు తగ్గట్టు అప్పటికప్పుడు పట్టించిన పొడి ఇవ్వండి. ప్యాకెట్‌పై ప్రాంతం పేరుతోపాటు వేయించిన తేదీ చూడటం మరవకండి.